ఉప్పు తిన్న బండి నీళ్లు తాగాలి

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు పెద్దలు. మనుషుల సంగతేమో గానీ బళ్ల విషయంలో మాత్రం ఈ మాట అక్షరాలా నిజం. కాకపోతే ఆ నీళ్లు వేళకు పట్టించాలి, పట్టించాల్సిన చోట పట్టించాలి. లేదంటే పైకి నిగనిగలాడే బండి ఏ రోజు ఏ గుంతలో నడుం విరిగి కూలబడుతుందో ఎవరూ చెప్పలేరు.

అమెరికాలో కార్లకు పుట్టిల్లు డెట్రాయిట్. ఆ ఊరి కింద, 1,100 అడుగులకు పైగా లోతున, ఓ ఉప్పు గని ఉంది. కోట్ల ఏళ్ల కిందట ఇంకిపోయిన సముద్రం వదిలివెళ్లిన ఉప్పు అది. చలికాలంలో రోడ్ల మీద మంచు కరగడానికి చల్లేది ఇలాంటి ఉప్పునే. అంటే పైన కార్లను పుట్టించే ఊరు... కింద కార్లను తినేసే ఉప్పు!

ఇటు మన కోనసీమ. మంచు లేదు. రోడ్ల మీద ఎవరూ ఉప్పు చల్లరు. ఆ పనేదో సముద్రపు గాలే చేసిపెడుతుంది. అంతర్వేది వైపు ఓ వారం బండి ఆపి ఉంచితే చాలు, అద్దం మీద వేలితో రాస్తే తెల్లటి పొడి అంటుకుంటుంది. కాకినాడ దగ్గర ఉప్పాడ రోడ్డు మీదైతే అల్పపీడనం పట్టినప్పుడు అలలే ఎగిరొచ్చి బళ్లకు స్నానం చేయిస్తాయి. ఇక రొయ్యల చెరువుల దగ్గర్నుంచి ఐసు పెట్టెలు మోసుకెళ్లే బళ్ల కింద చూడండి, దారి పొడవునా ఉప్పునీళ్లు కారుతూనే ఉంటాయి.

ఈ రెండు ఉప్పుల మధ్య చిక్కుకున్న ఓ కుటుంబం కథ ఇది. తండ్రిది రాజోలు దగ్గర పల్లె. కొబ్బరి రైతు. కొడుకుది డెట్రాయిట్ పక్కన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తండ్రికి ఓ పాత జీపు. కొడుక్కి ఓ పాత పికప్. ఆ రెండింటిలో ఒకటే మిగిలింది. ఏది మిగిలిందో వింటే ఆశ్చర్యం వేస్తుంది.

ఇంటి మనిషి లాంటి జీపు

జీపు కొన్నది 1988లో. అప్పటికి ఆ ఊళ్లో నాలుగు చక్రాల బండి అదొక్కటే. కొబ్బరికాయల లోడూ దానిమీదే, అంతర్వేది తీర్థానికి చుట్టాల ప్రయాణమూ దానిమీదే. అర్ధరాత్రి ఎవరికైనా పురిటి నొప్పులొస్తే తలుపు తట్టేది ఆ ఇంటినే. 1996 నవంబరు 6న వచ్చిన తుపానుకి తోటలో సగం చెట్లు పడిపోయాయి. జీపు చక్రాల్లోతు నీళ్లలో మూడు రోజులు నిలబడింది. నాలుగోరోజు బురద కడిగి, ప్లగ్గులు తుడిచి, తాళం తిప్పితే స్టార్టయింది. ‘చెట్లు పోయినా ఇది మిగిలింది’ అని ఆ పెద్దాయన ఇప్పటికీ చెప్పుకుంటాడు.

కొడుకు డ్రైవింగు నేర్చుకున్నదీ ఆ జీపు మీదే, కాలువ గట్టు మీదే. అందుకే కాబోలు, అమెరికాలో నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే అందరిలా కొత్త కారు కొనకుండా, వెనక తొట్టి ఉన్న పాత పికప్ కొన్నాడు. ఫొటో పంపితే తండ్రి ఒకటే మాటన్నాడు. ‘ఏరా అబ్బాయ్, అంత దూరమెళ్లి మళ్లీ మన జీపే కొన్నావా!’

ఆ పికప్ వయసు పదమూడేళ్లు నిండకముందే పోయింది. రోడ్డు మీద ఏ ప్రమాదమూ జరగలేదు. ఆయిల్ మార్పించడానికి తీసుకెళ్తే, మెకానిక్ దాన్ని పైకెత్తి, కిందకి రమ్మని పిలిచాడు. చేతిలోని స్క్రూడ్రైవరుతో వెనక చక్రం పైనున్న చాసిస్ దూలాన్ని పొడిచాడు. ఇనుము అప్పడంలా పొడిపొడిగా రాలి, స్క్రూడ్రైవరు లోపలికి దిగిపోయింది. పైన రంగు మాత్రం అద్దంలా మెరుస్తోంది. పైన పటారం లోన లొటారం అంటే ఇదే! ‘దీన్ని ఇంటిదాకా కూడా నడపొద్దు’ అన్నాడట ఆ మెకానిక్. తన ఇద్దరు ఆడపిల్లల్ని అంతకు ముందురోజే అదే బండిలో, హైవే మీద తిప్పి తీసుకొచ్చాడా తండ్రి. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు.

ఇంతకీ ఉప్పు ఏం చేస్తుంది?

తుప్పు పట్టాలంటే ఇనుముకి రెండే కావాలి. ఒకటి నీరు, రెండు గాలిలోని ఆక్సిజన్. మరి ఉప్పెందుకు? అది ఈ పనిని తొందరపెడుతుంది. తుప్పు పట్టడమంటే ఇనుము మీద చిన్నచిన్న బ్యాటరీలు పనిచేయడమే. ఉప్పు కలిసిన నీటిలో కరెంటు సులువుగా పారుతుంది. దాంతో ఆ బ్యాటరీలు జోరందుకుంటాయి. పైగా ఉప్పులోని క్లోరైడు, లోహం మీద ఏర్పడే సన్నటి రక్షణ పొరను కూడా చీల్చేస్తుంది.

ఉప్పుకి ఇంకో గుణం కూడా ఉంది. వానాకాలంలో మన వంటింట్లో ఉప్పు జాడీ చెమ్మగిల్లడం చూస్తూనే ఉంటాం. గాల్లో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను లాక్కుని తనే నీరైపోతుంది. గోదావరి డెల్టాలో తేమ ఆ గీత దాటని రోజులెన్ని? అంటే వాన పడకపోయినా, బండి షెడ్డులోనే ఉన్నా, చాసిస్‌కి అంటుకున్న ఉప్పు దాన్ని రాత్రంతా తడుపుతూనే ఉంటుందన్నమాట. మంచు దేశాల్లో మెగ్నీషియం క్లోరైడు, కాల్షియం క్లోరైడు కూడా వాడతారు. అవి ఇంకా మొండివి. గాలి పొడిగా ఉన్నా తడి వదలవు.

కొడుకు చేసిన పొరపాటు ఇక్కడే ఉంది. చలికి బండి పాడైపోతుందని రోజూ వెచ్చటి గ్యారేజీలో పెట్టేవాడు. నిజానికి గడ్డకట్టే చలిలో తుప్పు నెమ్మదిస్తుంది. చక్రాల దగ్గర పేరుకున్న ఉప్పు మంచు గ్యారేజీ వెచ్చదనానికి కరిగి, చాసిస్ దూలాల్లోకి జారి, తెల్లవార్లూ దాని పని అది చేసుకుపోయింది. కార్ వాష్‌కి వెళ్లినా పైపైనే కడిగించాడు. అడుగు కడిగించాలన్న ఆలోచనే రాలేదు.

ఆయనొక్కడే కాదు. అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2017లో ఓ అంచనా ప్రకటించింది. రోడ్ల మీది ఉప్పు, రసాయనాల వల్ల పట్టిన తుప్పు మరమ్మతులకు అంతకు ముందు ఐదేళ్లలో అక్కడివాళ్లు 1,540 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టారట. పెద్ద కంపెనీలకూ ఈ సెగ తగిలింది. చాసిస్‌లకు తుప్పు పడుతోందన్న కేసులో టయోటా 2016లో, తన తప్పును ఒప్పుకోకుండానే, రాజీకొచ్చింది. దాదాపు 15 లక్షల ట్రక్కులు, ఎస్‌యూవీల తనిఖీకి, అవసరమైన వాటికి చాసిస్ మార్చడానికి అయ్యే ఖర్చు 340 కోట్ల డాలర్ల దాకా ఉండొచ్చని అప్పట్లో లెక్కగట్టారు. పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో ఏటా బండిని తనిఖీ చేయించాలి. చాసిస్ తినేసి ఉంటే రోడ్డెక్కనివ్వరు. మిషిగాన్‌లో అలాంటి తనిఖీ తప్పనిసరి కాదు. చూసుకుంటే మనమే చూసుకోవాలి.

కోడలి ప్రశ్న

ఆ ఏడాది సంక్రాంతికి కొడుకు, కోడలు, పిల్లలు ఊరొస్తున్నారు. ‘పిల్లల్ని జీపులో అంతర్వేది తీసుకెళ్తానమ్మా’ అని ఫోన్లో ఉత్సాహపడ్డాడు తాతయ్య. అవతల కాసేపు మాట లేదు. తర్వాత కోడలు మెల్లగా అంది. ‘మావయ్యగారూ... ఏమీ అనుకోకండి. పిల్లల్ని ఎక్కించే ముందు ఓసారి బండి కింద చూపించండి.’

పెద్దాయనకి చివుక్కుమంది. ఎన్ని ప్రాణాల్ని ఆసుపత్రికి చేర్చిన బండి! దాన్ని అనుమానిస్తారా? రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు తనే జీపు తీసుకుని, పాతికేళ్లుగా చూస్తున్న మెకానిక్ షెడ్డుకి వెళ్లాడు.

మేస్త్రి ర్యాంపు మీదికి ఎక్కించి, చిన్న సుత్తి పట్టుకుని కిందకి దూరాడు. చాసిస్ పొడవునా జానెడేసి దూరంలో కొట్టుకుంటూ వచ్చాడు. ఖంగ్... ఖంగ్... ఖంగ్... ఇనుము గట్టిగా ఉంటే గంటలా మోగుతుంది. తినేసి ఉంటే మాత్రం ‘డబ్’మని చెవిటి చప్పుడొస్తుంది. రెండు పొడవాటి దూలాలూ చివరిదాకా మోగాయి. కమాను కట్టలు బిగించే చోట్లూ మోగాయి. పెద్దాయన మొహం వెలిగింది. చిట్టచివర, ట్రెయిలర్ కొక్కెం తగిలించే అడ్డపట్టీ దగ్గర మాత్రం... డబ్!

‘ఇక్కడ పోయిందండి’ అన్నాడు మేస్త్రి.

‘అదెలా పోతుందయ్యా? పదేళ్ల కిందట అక్కడే కదా కొత్త రేకు వేయించాం?’

‘ఆయ్, అందుకేనండి పోయింది.’

కాపాడిందేమిటి... ముంచిందేమిటి?

మేస్త్రి మాట నిజం. పదేళ్ల కిందట ఆ పట్టీకి తుప్పు చిల్లు పడితే, పాత తుప్పు గీకకుండా దానిమీదే ఓ రేకు పెట్టి వెల్డింగ్ చేయించారు. పైన నల్లరంగు కొట్టారు. చూడ్డానికి కొత్తగానే ఉంది. నీరు పల్లమెరుగు కదా! రెండు రేకుల సందులోకి దిగిన తడికి మళ్లీ బయటికొచ్చే దారి లేకపోయింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి ఆ రేకును కూడా నెట్టేసింది. మందపాటి రబ్బరు పూతలతోనూ ఇదే చిక్కు. అవి ఎండకి బీటలు వారితే ఆ సందుల్లో నీరు దాక్కుంటుంది. పైకి పూత ఉంటుంది... లోపల ఇనుము ఉండదు.

మరి మిగతా చాసిస్ ఇన్నేళ్లు ఎలా నిలిచింది? దానికీ కారణం పెద్దాయనే. సముద్రం వైపు వెళ్లొచ్చిన ప్రతిసారీ ఇంటికి రాకముందే కాలువ దగ్గర ఆపి, బక్కెట్లతో బండి అడుక్కి నీళ్లు కొట్టడం ఆయన అలవాటు. ఆవుల్ని కడిగినట్టే! ఇంట్లో బోరు ఉన్నా ఏనాడూ ఆ నీళ్లు వాడలేదు. తీరానికి దగ్గరున్న ఊళ్లలో చాలా బోర్లు ఉప్పవే. సబ్బు నురగ రాని నీళ్లతో బండి కడగడమంటే ఉప్పుని ఉప్పుతో కడగడమే. గోదావరి కాలువ తీపినీళ్లు ఆ జీపుకి పాతికేళ్ల ఆయుష్షు పోశాయి.

ఈ మాట విన్నాక కొడుక్కి ఒక్కసారిగా అర్థమైంది. తండ్రికి కెమిస్ట్రీ తెలియదు. కానీ ఉప్పుగాలిలో బతికినవాడికి ఉప్పుతో ఎలా మెలగాలో తెలుసు. కొడుక్కి కెమిస్ట్రీ తెలుసు. కానీ మంచు కింద ఉప్పు ఉంటుందని తెలియలేదు. కోడలి ప్రశ్న లేకపోతే తండ్రికీ ఆ అడ్డపట్టీ సంగతి తెలిసేది కాదు.

చాసిస్‌ని కాపాడుకోవాలంటే...

పాత జీపో, వ్యానో, ట్రాక్టరు ట్రెయిలరో, మన ఇళ్లలో ఏదో ఒకటి ఉంటుంది. దాని అడుగు కాపాడుకోవడానికి వేలకు వేలు అక్కర్లేదు. ఓ క్రమం కావాలి, అంతే.

ముందు కడగడం. తీరం వైపు వెళ్లొచ్చినా, చెరువు గట్లమీద తిరిగినా, తుపాను నీళ్లలో మునిగినా వీలైనంత త్వరగా మంచినీళ్లతో అడుగు కడగాలి. చక్రాల పైభాగం, కమాను కట్టల దగ్గర, దూలాల లోపలి అంచులు ముఖ్యం. చాసిస్‌లో నీరు బయటికి పోవడానికి చిన్న రంధ్రాలుంటాయి. అవి మట్టితో మూసుకుపోతే దూలం లోపల చెరువే! సన్నటి తీగతో వాటిని తెరవాలి. బురద పేరుకున్న చోట తడి వారాల తరబడి ఆరదని గుర్తుంచుకోవాలి.

తర్వాత ఆరబెట్టడం. మన డెల్టాకో సౌకర్యం ఉంది. ఏటా ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. కట్టకముందే ఆ నీళ్లతో పూర్తిగా కడిగేసి, మే నెల ఎండలో నాలుగు రోజులు ఆరనిస్తే ఇనుము లోలోపలి దాకా పొడిబారుతుంది. పూత వేయడానికి అదే అదను. తొలకరి పడ్డాక వేసే పూత తడిని లోపల పెట్టి తాళం వేసినట్టే. అమెరికాలో ఉన్నవాళ్లకి ఆ అదను మొదటి మంచు పడకముందు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. చలికాలంలో ఎండ కాసి మంచు కరిగిన రోజుల్లో అడుగు కడిగించడం, వసంతం రాగానే ఇంకోసారి పూర్తిగా కడిగించడం మానకూడదు.

ఆ తర్వాత గీకడం. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, రంగు కొట్టగానే తుప్పు పోదు. పెచ్చులుగా లేచిన తుప్పును సుత్తితో రాల్చి, వైరు బ్రష్షుతో గీకి, గట్టి ఇనుము కనిపించేదాకా పోవాలి. బ్రష్షు అందని గుంటల్లో తుప్పును మార్చే రసాయనం పూయొచ్చు. వీటిలో కొన్నింట్లో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. కొన్నింట్లో టానిన్ ఉంటుంది. టానిన్ అంటే కొత్తదేమీ కాదు, మన కరక్కాయలో ఉండేదే. కలంకారీ కళాకారులు తుప్పు ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో నానబెట్టి, కరక్కాయ పట్టించిన బట్టమీద రాస్తే నల్లరంగు వచ్చేది ఇందువల్లే. తుప్పు మీద రసాయనం పూసినప్పుడు నల్లబడటం వెనకున్న సూత్రం కూడా అదే!

చివరగా పూత. గీకిన చోట రెడ్ ఆక్సైడో జింక్ ప్రైమరో వేసి, అది ఆరాక చాసిస్ పెయింటు రెండు చేతులు వేయాలి. బ్రష్షు దూరని దూలాల లోపలికి మాత్రం రంగు పనికిరాదు. పొడవాటి గొట్టంతో మైనంలాంటి స్ప్రే లోపలంతా కొట్టించాలి. మంచు దేశాల్లో గొర్రె ఉన్నిలోంచి తీసే లానొలిన్ జిడ్డును ఇందుకు ఎక్కువగా వాడతారు. అది గట్టిపడదు, బీటలు వారదు. గీతపడినా మళ్లీ పాకి సర్దుకుంటుంది. అయితే ఏడాదికోసారి మళ్లీ కొట్టించాల్సిందే. మన సర్వీసింగు షెడ్లలో కాలిన ఇంజినాయిల్ కొట్టే అలవాటుంది. దానివల్ల కొంత మేలున్నా, రబ్బరు బుష్షులు ఉబ్బి పాడవుతాయి. కారిన ఆయిల్ మన మట్టిలోకి, కాలువలోకే పోతుంది. బ్రేకుల మీద పడితే ప్రాణాంతకం. ఏ పూతయినా బ్రేకులకు, సైలెన్సరుకు తగలనివ్వకూడదు.

ఇదంతా ఒక్కసారి చేసి మర్చిపోయే పని కాదు. రాజమండ్రి హేవలాక్ వంతెననే చూడండి. 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసింది. గోదావరి మీద ఎండకీ, వానకీ, వరదకీ ఎదురొడ్డి 97 ఏళ్లు! ఇనుప వంతెన అన్నేళ్లు పనిచేయాలంటే ఎవరో ఒకరు దాన్ని చూస్తూ, గీకుతూ, రంగు వేస్తూ ఉండాల్సిందే. చూసేవాళ్లు ఉన్నంతకాలమే ఇనుము ఉక్కు.

ఎక్కడ ఆగాలి?

పాత బండి మీద ప్రేమ మంచిదే. కానీ దానికో హద్దుండాలి. పైపైన ఎర్రబారితే గీకి రంగు వేసుకోవచ్చు. అడ్డపట్టీ పోతే కోసేసి కొత్తది వేయించొచ్చు. పెద్దాయన జీపుకి చేసిందదే. పాత రేకునీ, దాని కింది తుప్పునీ మొత్తం కోసి తీసేసి, గట్టి ఇనుము అంచుల్ని పట్టుకుని కొత్త పట్టీ అతికించారు. కానీ పొడవాటి దూలమే సుత్తి దెబ్బకి సొట్టపడినా, కమాను కట్టలూ స్టీరింగూ బిగించే చోట్ల పెచ్చులు ఊడినా, బ్రేకు పైపులు పొక్కులు తేలినా ఇక బేరాల్లేవు. అక్కడ రేకుల అతుకులు, నల్లరంగులు మనల్ని మనం మోసం చేసుకోవడమే. పాత బండి కొనేటప్పుడూ అంతే. అడుగున కొత్తగా, మందంగా నల్లరంగు మెరుస్తుంటే సంతోషించకండి. ఏం దాచారా అని సుత్తి పట్టుకుని కింద దూరండి.

మనదేశంలో సొంత కార్లు, జీపుల రిజిస్ట్రేషను పదిహేనేళ్లకి ముగుస్తుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి బండి రోడ్డుకి పనికొస్తుందని చూపించి పొడిగించుకోవాలి. అయితే ఏ కాగితమైనా ఆ ఒక్క రోజు సంగతే చెబుతుంది. ఉప్పు మాత్రం రోజూ పనిచేస్తుంది.

సంక్రాంతికి మనవరాళ్లు జీపెక్కారు. తాతయ్య నడిపాడు. వెళ్లేముందు కోడలు తనే వంగి, కొత్త పట్టీని చూసి ఎక్కింది. పెద్దాయనకి ఈసారి కోపం రాలేదు.

ఏటా దసరాకి ఆయుధపూజ చేస్తాం. బండి కడిగి, బానెట్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచుతాం. పైన మొత్తం పూలే! మనల్ని మోసేదేమో కింద ఉంటుంది. ఈసారి పసుపు గిన్నె పట్టుకునే ముందు ఓ చాప పరుచుకుని, టార్చిలైటు తీసుకుని దాని కిందకి ఓసారి తొంగిచూడండి. చేతిలో చిన్న సుత్తి ఉంటే మరీ మంచిది. గంట మోగితే... ఆ ఏటి పూజ అందిందనుకోవచ్చు.